తుపాను వచ్చేలోగా తోటలో ఏది వదులుకోవాలి?

తుపాను హెచ్చరిక వచ్చిన రోజున తోటలున్న వాళ్ళకి సలహాలకు కొదవుండదు. పాలీహౌస్ (మొక్కల కోసం పైపుల ఫ్రేము మీద ప్లాస్టిక్ కప్పి కట్టిన ఇల్లు) తలుపులు, పక్కల దించే కర్టెన్లు అన్నీ బిగించెయ్యమని ఒకరంటారు. అన్నీ తెరిచి పెట్టు, గాలి తన దారిన పోతుందని ఇంకొకరంటారు. కుండీలకు నిండా నీళ్ళు పొయ్యమని ఒకరు, చుక్క కూడా పొయ్యొద్దని మరొకరు. కొమ్మలు నరికెయ్యాలని ఒక మాట, ఇప్పుడు కత్తి పెట్టొద్దని ఇంకో మాట. తమాషా ఏమిటంటే వీటిలో ప్రతి సలహా ఎక్కడో ఒకచోట నిజమే. అది మన తోటకు వర్తిస్తుందా లేదా అన్నది గాలి ఎంత, ఎటు నుంచి, ఎంతసేపు అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఇంకో విషయం కూడా ఉంది, దీన్ని ఎవరూ పైకి అనరు. పెద్ద గాలిలో అన్నీ దక్కవు. ఏది పోయినా ఫరవాలేదో ముందే తేల్చుకున్నవాళ్ళకి మిగతాది దక్కే అవకాశం ఎక్కువ.

ముందుగా హెచ్చరికలోని అంకె సంగతి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, ఒక్కోసారి 110 అని వాతావరణ శాఖ చెప్పింది. ఇందులో మొదటి అంకె మూడు నిమిషాల సగటు, అదీ నేలకు పది మీటర్ల ఎత్తున. రెండోది మధ్యమధ్యలో కొన్ని సెకన్లపాటు విసిరికొట్టే ఈదురుగాలి. కొమ్మ విరిగేదీ, ప్లాస్టిక్ చిరిగేదీ ఈ రెండో అంకెకే. అందుకే హెచ్చరికలో ‘ఒక్కోసారి’ అన్న మాట తరవాత వచ్చే సంఖ్యనే పట్టించుకోవాలి.

అదీగాక వేగం రెట్టింపైతే గాలి ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. 50 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద వేసే ఒత్తిడి దాదాపు 12 కిలోల బరువుతో సమానం. 100 కిలోమీటర్లకు అది 47 కిలోలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద తీరం దాటినప్పటి 180 కిలోమీటర్ల వేగానికైతే 150 కిలోల పైమాటే. ‘పోయినసారి 60 కిలోమీటర్ల గాలికి ఏమీ కాలేదు, ఇప్పుడు 90 అంటున్నారు, కొంచెం ఎక్కువేగా’ అనుకునేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఇదే. 60 నుంచి 90కి పెరిగితే ఒత్తిడి రెండింతలు దాటుతుంది.

గాలి ఎటు నుంచి వస్తుంది?

తోటల విషయంలో వేగం కంటే ఎక్కువ మోసం చేసేది దిశ. మన అర్ధగోళంలో తుపాను గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది. వాయవ్యంగా కదిలే తుపాను ఒకటి బాపట్ల దగ్గర తీరం దాటబోతోందనుకుందాం. తీరానికి దగ్గరయ్యేటప్పుడు దాని దారిలో ఉన్న అందరికీ మొదట తగిలేది ఈశాన్యపు గాలే. తరవాత దారులు వేరవుతాయి. దారికి కుడివైపున ఉండే మచిలీపట్నంలో గాలి తూర్పుకి, ఆగ్నేయానికి, చివరికి దక్షిణానికి తిరుగుతుంది. ఎడమవైపున ఉండే ఒంగోలులో ఉత్తరానికి, వాయవ్యానికి, పడమరకి తిరుగుతుంది. సరిగ్గా తుపాను నడిమధ్య భాగం, అంటే కన్ను, దాటే ఊళ్ళో కాసేపు గాలి పూర్తిగా ఆగిపోయి, ఆ తరవాత నైరుతి నుంచి విరుచుకుపడుతుంది. ఆ విరామంలో తోటలోకి పరిగెత్తి కట్లు సరిచేయబోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. వేగం మాత్రం సాధారణంగా కుడివైపునే ఎక్కువ. తుపాను ముందుకు కదిలే వేగం కూడా అక్కడి గాలికి తోడవుతుంది.

దీన్నిబట్టి మొక్కకు ఒక్కవైపు తాడు కట్టి ఊరుకుంటే సగం రాత్రి వరకే అది పనిచేస్తుంది. ఈశాన్యపు గాలికి తట్టుకునేలా కట్టిన తాడు, గాలి నైరుతికి తిరిగాక వదులుగా వేలాడుతుంది. మూడు వైపులా కట్టాలనడానికి కారణం ఇదే.

పాలీహౌస్: మూయాలా, తెరవాలా?

పాలీహౌస్‌ను గాలి నెట్టి పడగొడుతుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువసార్లు జరిగేది పైకి లేవడం. వంపు తిరిగిన కప్పు మీదుగా గాలి వేగంగా జారిపోతున్నప్పుడు అక్కడ ఒత్తిడి తగ్గి, కప్పు పైకి లాగబడుతుంది. పావెకరం పాలీహౌస్ కప్పు అంటే వెయ్యి చదరపు మీటర్లు. 100 కిలోమీటర్ల గాలి ఒత్తిడిలో సగమే పైకి లాగిందనుకున్నా 20 టన్నుల పైమాటే. 200 మైక్రాన్ల మందం ఉండే ప్లాస్టిక్ బరువు చదరపు మీటరుకు 200 గ్రాములు కూడా ఉండదు. పైపుల బరువు కలిపినా ఆ లాగుడుకు సరిపోదు. అంటే గాలివానలో ఆ కట్టడాన్ని నేల మీద ఉంచేది దాని బరువు కాదు, నేలలో దింపిన ఫౌండేషన్ పైపులు, వాటి చుట్టూ పోసిన కాంక్రీటు, వాటిని స్తంభాలకు కలిపే బోల్టులు. వీటిని చూసుకోవాల్సింది వేసవిలో, హెచ్చరిక వచ్చాక కాదు. తుప్పు పట్టిన నాలుగు బోల్టులు మార్చడం చిన్న పనే. అందరూ వాయిదా వేసేదీ అదే.

ఇక తలుపుల వివాదం. గాలి వచ్చే వైపు మాత్రమే తెరిచి ఉంటే లోపలికి దూరిన గాలికి బయటికి పోయే దారి దొరకదు. అది లోపల నుంచి కప్పును పైకి నెడుతుంది, బయట నుంచి మరో గాలి పైకి లాగుతుంది. ఎదురుగాలిలో పట్టుకున్న గొడుగు తిరగబడేది ఇలాగే. దీనికి భిన్నంగా, గాలి పోయే వైపు మాత్రమే తెరిచి ఉంటే లోపలి ఒత్తిడి కూడా తగ్గి, కప్పు మీద లాగుడు కొంత తగ్గుతుంది. అన్నీ గట్టిగా మూసి ఉంటే మధ్యస్థంగా ఉంటుంది, కానీ ఎక్కడా చిరుగు పడనంతవరకే. గాలి వచ్చే వైపు కర్టెన్ ఒక్కచోట తెగిందంటే లెక్క మొదటి పరిస్థితికి మారిపోతుంది.

కాబట్టి ‘అన్నీ మూయండి’ అన్నవాళ్ళూ, ‘తెరవండి’ అన్నవాళ్ళూ ఇద్దరూ సగం చెప్పారు. నా దృష్టిలో మామూలు గాలివానకు కర్టెన్లన్నీ కిందికి దించి, అంచులు మట్టిలో పూడ్చి, ప్లాస్టిక్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే గాడిలో (ప్రొఫైల్‌లో) జిగ్‌జాగ్ స్ప్రింగు ఊడిన చోటల్లా మళ్ళీ బిగించి, చిన్న చిరుగులకు కూడా టేపు వేసి మూసి ఉంచడమే మేలు. గాలి దిశ మారే తుపానులో ఏ వైపు తెరవాలన్న లెక్క రాత్రి రెండింటికి ఎవరూ వేయలేరు.

మన దగ్గర ఎక్కువగా ఉండే సహజ గాలి ప్రసరణ పాలీహౌస్‌లకు ఒక అదనపు చిక్కు ఉంది. వీటి కప్పు పైన పొడవునా గాలి పోయే సందు, అంటే వెంటు, ఉంటుంది, పురుగులు రాకుండా దానికి వల మాత్రమే వేస్తారు. దాన్ని మూయడానికి చాలావాటిలో వీలుండదు. ఎక్కువ రోజులు వీచే గాలికి ఆ వెంటు వెనక్కి తిరిగి ఉండేలా కడతారు. నైరుతి గాలిని చూసుకుని కట్టినవాటిలో ఆ నోరు ఈశాన్యం వైపుకి ఉంటుంది. తుపాను మొదటి గాలి వచ్చేది సరిగ్గా అటు నుంచే. కోస్తాలో కొత్తగా కట్టేవాళ్ళు ఆ వెంటుకు మడిచే కర్టెన్ పెట్టించుకోవడం మీద గట్టిగా పట్టుబట్టాలి.

భారతీయ ప్రమాణాల సంస్థ కట్టడాల కోసం ఇచ్చిన గాలి వేగాల మ్యాపులో విశాఖ, విజయవాడలకు సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44 మీటర్లు. అంటే గంటకు 180, దాదాపు 158 కిలోమీటర్లు. ఇది మూడు సెకన్ల ఈదురుగాలి లెక్క, ఇళ్ళకూ భవనాలకూ మూలంగా వాడేది. కంపెనీవాళ్ళు ‘మా స్ట్రక్చర్ ఇంత గాలికి ఆగుతుంది’ అని చెప్పినప్పుడు అది సగటు వేగమా, ఈదురుగాలి వేగమా, ప్లాస్టిక్‌తో కలిపా, ఒట్టి ఫ్రేముకా అని అడగాలి. ఒట్టి ఫ్రేము చాలా పెద్ద గాలికి కూడా నిలబడుతుంది, ఎందుకంటే గాలి దాని మధ్య నుంచి వెళ్ళిపోతుంది.

ఇక్కడే అసలు నిర్ణయం. హెచ్చరికలోని వేగం కట్టడం తట్టుకునే వేగానికి దగ్గరగా వస్తోందంటే ప్లాస్టిక్‌ను మనమే విప్పేయాలి. మూడు నాలుగేళ్ళకోసారి దాన్ని ఎలాగూ మార్చాల్సిందే. ఫ్రేము ఒంగిపోతే మళ్ళీ మొదటి నుంచి కట్టాలి. లెక్కగా చూస్తే తేలికైన నిర్ణయమే గానీ, ఎండకు మెరుస్తూ నిక్షేపంగా ఉన్న షీటును చేతులారా తీయడానికి మనసొప్పదు. చివరి గంట దాకా ఆగి, అప్పటికి గాలి పెరిగి, ఎక్కి తీయలేని స్థితికి వస్తారు. గంటకు 35, 40 కిలోమీటర్ల గాలి మొదలయ్యాక మనిషిని కప్పు మీదికి పంపకూడదు. స్ప్రింగులు తీసి చుట్టి పెట్టుకునే టైము లేకపోతే కింద నుంచే పొడుగు కర్రకు కొడవలి కట్టి, కప్పును మోసే వంపు పైపుల (ఆర్చీల) మధ్య ప్లాస్టిక్‌ను కోసెయ్యడం మిగిలిన దారి.

లోపలి పంటను బట్టి కూడా లెక్క మారుతుంది. జెర్బెరా పూల మొక్క నేలకు అంటుకుని పెరుగుతుంది, కప్పు తీసేసినా ఆకులు చిరుగుతాయి గానీ దుబ్బు బతుకుతుంది. క్యాప్సికం, కీరా అలా కాదు. పైన తీగలకు దారాలతో వేలాడుతూ పెరిగే పంటలవి. కప్పు పోతే వాటి కథ ముగిసినట్టే. పైగా వాటి బరువంతా ఫ్రేము మీదే ఉంటుంది. కాయ కోతకు దగ్గరగా ఉంటే ముందురోజే కోసేసి, దారాలు వదులు చేసి మొక్కల్ని కిందికి దించడం మంచిది.

హైదరాబాదు చుట్టుపక్కల చేవెళ్ళ, మొయినాబాద్ వైపు పాలీహౌస్‌ల సంగతి వేరు. అక్కడ భయం తుపాను కాదు, ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉరుములతో వచ్చే గాలిదుమారం. తుపానుకు 48 గంటల ముందు అలర్టు, 24 గంటల ముందు వార్నింగు వస్తాయి. ఈ గాలులకు వచ్చే ముందస్తు సూచన మహా అయితే మూడు గంటలది. అందులో ప్లాస్టిక్ విప్పడం కుదరని పని. కాబట్టి అక్కడ వేసవి మొత్తం కర్టెన్లు, స్ప్రింగులు సిద్ధంగా ఉంచుకుని, మబ్బు పట్టగానే దించెయ్యడం తప్ప వేరే ఉపాయం లేదు. ఎండ వేడికి మధ్యాహ్నం కర్టెన్లు ఎత్తి, సాయంత్రం దించడం మర్చిపోయిన రోజే దెబ్బ తగులుతుంది.

కడియం నర్సరీలు, షేడ్‌నెట్లు

కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి వెంబడి జాతీయ రహదారికి అటూ ఇటూ ఉన్న నర్సరీల్లో పాలీహౌస్ కంటే నీడ కోసం వేసే వల, అంటే షేడ్‌నెట్టే ఎక్కువ. వలకు రంధ్రాలుంటాయి కనక గాలి కొంత దాటిపోతుంది, పైకి లాగుడు తక్కువ. కానీ కర్రల మీదా సన్న పైపుల మీదా వేసిన పందిళ్ళకు ఆ మాత్రం గాలి కూడా ఎక్కువే. ఒక మూల ఊడిన నెట్టు గాలికి కొట్టుకుంటూ మిగతా కర్రల్ని కూడా పీకుతుంది. నెట్టును విప్పి, చుట్టి, కర్రకు కట్టెయ్యడం పాలీహౌస్ ప్లాస్టిక్ తీయడంతో పోలిస్తే చాలా తేలిక, తరవాత మళ్ళీ వేసుకోవచ్చు కూడా. ఒక రోజు ఎండ తగిలితే కమిలిపోతాయన్న బెంగ అక్కర్లేదు, తుపాను మబ్బులో ఎండెక్కడిది?

కవర్లలోనూ పెద్ద కుండీల్లోనూ ఉన్న పొడుగు మొక్కల్ని ముందే నేల మీద పడుకోబెట్టడం మంచి పద్ధతి. కుండీ గాలి వచ్చే వైపుకి, తల గాలి పోయే వైపుకి ఉండాలి. ఒకదాని తల పక్కదాని కుండీ మీద ఒరిగేలా వరుసగా పేర్చితే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నిలబడిన మొక్కను గాలి పడగొడితే కుండీ పగులుతుంది, మట్టి ముద్ద విచ్చి వేళ్ళు తెగుతాయి. మనం పడుకోబెట్టిన మొక్కకు ఇవేవీ జరగవు. వరద నీరు నిలిచే లంక నేలల్లో మాత్రం ఈ పని మెరక మీదే చేయాలి, లేకపోతే గాలికి దక్కిన మొక్క నీటికి పోతుంది.

నేలలో నాటిన చెట్లు

కుండీ మొక్కకు నీళ్ళు పొయ్యాలి, తడిసిన మట్టి బరువు దాన్ని కదలనివ్వదు. నేలలో ఉన్న చెట్టుకు ఈ సలహా తిరగబడుతుంది. తడిసి మెత్తబడిన నేలలో వేరుకు పట్టు తగ్గి, చెట్టు వేళ్ళతో సహా లేస్తుంది. కాబట్టి హెచ్చరిక రాగానే తోటకు తడులు ఆపెయ్యాలి. మురుగు బోదెలు తవ్వాలి. రెండు సలహాలూ ఒకే ఇంట్లో ఒకే రోజు పాటించాల్సినవి.

అరటిది బలహీనమైన నిర్మాణం. కాండంలా కనిపించేది నిజానికి పొరలు పొరలుగా చుట్టుకున్న ఆకుల మొదళ్ళు. పైన గెల బరువు, దానికి తోడు వెడల్పాటి ఆకులు. కోనసీమలో గెల వేసిన చెట్టుకు వెదురు గానీ సరుగుడు గానీ ఊతం పెట్టడం మామూలే. తుపాను ముందు దానికి తోడు పక్వానికి వచ్చిన గెలలు కోసెయ్యాలి, కింది ఆకులు తగ్గించాలి, మొదట్లో మట్టి ఎగదోయాలి. అందరూ ఒకేసారి కోస్తే రావులపాలెం మార్కెట్లో ధర పడిపోతుందని రైతు భయపడతాడు. ఆ భయం న్యాయమైనదే. కానీ పడిపోయిన చెట్టు మీది లేత గెలకు ఏ ధరా రాదు.

కొబ్బరి చెట్టు ఒంగి తట్టుకుంటుందని పేరు, కొంతవరకు నిజం కూడా. అయినా 1996 నవంబరులో కోనసీమలోనూ, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలోనూ తోటలకు తోటలే నేలకూలాయి. పండిన కాయలు దింపించడం, ఎండు మట్టలు తీయించడం ముందు చేయగలిగిన పనులు. ఆ తరవాత మొవ్వు (చెట్టు తల మధ్యలోని లేత చిగురు) మీద కన్నేసి ఉంచాలి. చెట్టు నిలబడే ఉన్నా మొవ్వు మెలితిరిగి దెబ్బతింటే తేమకు కుళ్ళు పడుతుంది. దానికి మైలుతుత్తం, సున్నం కలిపి చేసే ఒక శాతం బోర్డో మిశ్రమం మొవ్వు తడిసేలా పోయడం పాత వైద్యమే.

బొప్పాయి, మునగ గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. బొప్పాయికి గాలి కంటే నిలిచిన నీరు ప్రమాదం, ఒకటి రెండు రోజులు మొదట్లో నీళ్ళుంటే వేరు కుళ్ళి పోతుంది. మునగ ఎలాగూ పెళుసు. పొడుగు కొమ్మలు ముందే కొట్టేస్తే మళ్ళీ చిగురిస్తుంది.

మామిడి లాంటి పెద్ద చెట్ల కొమ్మలు పలచన చేయడం కోత అయిపోయాక జూన్, జూలైల్లో చేయాల్సిన పని. తుపాను ముందురోజు ఆదరాబాదరాగా నరికి, ఆ కొమ్మల్ని అక్కడే వదిలేస్తే అవే గాలికి ఎగిరి పక్కింటి రేకుల మీద పడతాయి. అప్పటికి ఎండిన కొమ్మల్ని, విరిగి వేలాడేవాటిని మాత్రం తీసి దూరంగా పడెయ్యండి చాలు.

చిన్న మొక్కలకు కర్ర పాతి కట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త. పైన బిగించి కట్టిన మొక్క సరిగ్గా కట్టు దగ్గరే విరుగుతుంది. కాండం మూడో వంతు ఎత్తులో, కాస్త ఊగడానికి వీలుగా, పాత చీర ముక్కతోనో సైకిల్ ట్యూబుతోనో కట్టాలి. జీఐ ఇనుప తీగ వద్దు.

మిద్దె తోట

మిద్దె మీద మొక్కలున్నవాళ్ళకి పంట కంటే పెద్ద టెన్షన్ ఒకటుంది. ఐదో అంతస్తు నుంచి ఎగిరే ఖాళీ కుండీ ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు. కాబట్టి మొదట చేయాల్సింది మొక్కల పని కాదు. ఖాళీ బకెట్లు, ట్రేలు, రేకు ముక్కలు, పిట్టగోడ మీది కుండీలు అన్నీ కిందికి దించండి. గాలి లాగుడు కప్పు మూలల్లోనూ అంచుల్లోనూ ఎక్కువ, అక్కడి నుంచి కుండీల్ని జరిపి మెట్ల గది గోడ పక్కకు చేర్చండి. బరువైనవి బయటి వరుసలో, తేలికైన గ్రో బ్యాగులు మధ్యలో పెట్టి, చుట్టూ ఒక తాడు వెయ్యండి. అన్నీ ఒకచోట పేర్చేటప్పుడు ఆ బరువు స్లాబు మధ్యలో కాకుండా గోడ లేదా దూలం మీదికి వచ్చేలా చూడాలి. మట్టి, నీరు కలిసిన కుండీలు యాభై కలిస్తే తక్కువ బరువు కాదు.

తీగజాతి పందిరి ఉంటే వల కోసెయ్యండి. పొట్ల, బీర, కాకర పాదులు మళ్ళీ పెట్టుకోవచ్చు, ఇనుప పందిరి ఎగిరితే పిట్టగోడ కూడా పోతుంది. చివరగా వాన నీటి గొట్టాల నోళ్ళు శుభ్రం చేయండి. గాలికి రాలిన ఆకులు మొదట చేరేది అక్కడే, అవి మూసుకుంటే మిద్దె మీద చెరువు కడుతుంది.

గాలి తగ్గాక

మర్నాడు పొద్దున చేసే పనుల్లో ఆలస్యం పనికిరానివి రెండు. ఒకటి నీళ్ళు బయటికి తీయడం. రెండు, వేళ్ళు పూర్తిగా తెగకుండా ఒరిగిన చిన్న చెట్లను, వేళ్ళు ఎండిపోకముందే నిలబెట్టి, మట్టి తొక్కి, ఊతం ఇవ్వడం. పడిపోయిన అరటిని నిలబెట్టే ప్రయత్నం దండగ. తల్లి చెట్టును నరికేసి బలమైన పిలక ఒకటి వదిలితే వచ్చే పంట దాని మీద వస్తుంది. నీరు తీసిన వెంటనే యూరియా చల్లే అలవాటు కొందరికుంది, వేరు ఊపిరాడక ఉన్నప్పుడు అది తీసుకునే స్థితిలో ఉండదు. దానికి బదులు 13-0-45 (పొటాషియం నైట్రేట్) ఎరువును లీటరు నీటికి 10 గ్రాముల చొప్పున ఆకుల మీద పిచికారీ చేస్తే మొక్క త్వరగా తేరుకుంటుంది. మొదళ్ళలో కుళ్ళు రాకుండా లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ మందు కలిపి పోస్తారు.

సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్ళు ఇంకోటి గమనించాలి. గాలి బాగా వీచి వాన తక్కువ పడితే ఆకుల మీద ఉప్పు నిలిచిపోతుంది. రెండు మూడు రోజులకు అంచులు మాడినట్టు కనిపిస్తాయి, తెగులేమోనని మందు కొడతారు. మంచినీళ్ళతో ఆకులు కడిగితే సరిపోయేది.

ఇక డబ్బు సంగతి. పంట నష్టం 33 శాతం దాటితేనే ప్రభుత్వ సాయానికి లెక్క, ఆంధ్రప్రదేశ్‌లో దానికి ఈ-క్రాప్ (ప్రభుత్వం ఆన్‌లైన్‌లో చేసే పంటల నమోదు) ఉండాలి. పాలీహౌస్‌కు బీమా ఉన్నవాళ్ళు తుపానుకు ముందురోజే నాలుగు వైపులా, లోపల, తేదీ పడేలా ఫొటోలు తీసుకోవాలి. ప్లాస్టిక్‌ను మనమే విప్పేసినా, కోసేసినా పరిహారం వస్తుందా అన్నది పాలసీ తీసుకునేటప్పుడే ఏజెంటును రాతపూర్వకంగా అడగాల్సిన ప్రశ్న. రాదని తేలితే, షీటు ఖర్చును మన జేబులో నుంచే లెక్కేసుకుని ఆ రాత్రి నిర్ణయం తీసుకోవాలి.